నీళ్ళు పారించకండి, వేళకు కదిలించండి

చెరువు గట్టు మీద నిలబడి చేపల రైతుల్ని కదిలిస్తే చాలామంది నోట ఒకటే మాట వస్తుంది. ‘పారే నీళ్ళలో చేప బాగా ఎదుగుద్దండీ, బోరు ఆపకూడదు’ అంటారు. కాలువ దగ్గరుంటే బోదె కొట్టి రాత్రింబవళ్ళు నీళ్ళు ఒక పక్క నుంచి పెట్టి రెండో పక్క తూములోంచి వదిలేస్తారు. కాలువ లేని చోట బోరు. నీళ్ళు కదులుతుంటే చేప హుషారుగా ఉంటుందని నమ్మకం. అర ఎకరం, ఎకరం చెరువు ఉన్న చిన్న రైతుకు ఈ నమ్మకం నష్టమే తెస్తుందని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, వినండి.

కిందటి వేసవిలో శివారు భూముల్లో ఒక రైతు ఎకరం చెరువు చూశాను. నీళ్ళు కొబ్బరి నీళ్ళలా తేటగా ఉన్నాయి. గట్టు మీంచి చూస్తే అడుగు మట్టి కనబడుతోంది. ఆయన ఎంతో గర్వంగా ‘చూశారా, ఎంత శుభ్రంగా ఉంచానో’ అన్నాడు. పిల్ల వేసి ఎనిమిది నెలలయింది. వల వేయిస్తే శీలావతి అరకిలో కూడా తూగలేదు. బొచ్చె అంతకన్నా అన్యాయం, తల పెద్దది, ఒళ్ళు చిన్నది. తవుడు, చెక్క మామూలుగానే పెడుతున్నాడు. లోపం నీళ్ళలోనే ఉంది. పెరడు శుభ్రంగా ఉన్నట్టు చెరువు శుభ్రంగా ఉండకూడదు.

అసలు ఈ పారే నీళ్ళ మాట ఎక్కడి నుంచి వచ్చింది? పూర్తిగా అబద్ధం కాదు. బొచ్చె, శీలావతి, మోసు మూడూ ఏటి చేపలే. తొలకరికి కొత్త నీరు రాగానే ఎదురెక్కుతాయి. తూము దగ్గరా, అలుగు దగ్గరా మావులు పెట్టి పట్టిన వాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. ఎదురీదే చేపను చూసి, ప్రవాహమంటే దానికి ఇష్టమని పెద్దలు అనుకున్నారు. నిజమే, కానీ ఆ ఇష్టం గుడ్లు పెట్టే కాలానికి సంబంధించింది. నిలవ నీటి చెరువులో ఈ చేపలు మామూలుగా గుడ్లు పెట్టవు. అందుకే ఒకప్పుడు వానాకాలంలో ఏళ్ళలోకి దిగి పిల్లను పట్టి తెచ్చుకోవాల్సి వచ్చేది. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి ఈ జాతి చేపలకు పిట్యూటరీ గ్రంథి రసం సూది ద్వారా ఇచ్చి గుడ్లు పెట్టించాకే ఆ బాధ తప్పింది. ఆ రోజునే మన దేశంలో చేపల రైతుల దినంగా జరుపుతున్నారు.

హేచరీకి వెళ్ళి గుండ్రటి తొట్టెలు చూస్తే నీళ్ళ కదలిక విలువేమిటో తెలుస్తుంది. అక్కడ నీళ్ళు ఆగకుండా చుట్టూ తిరుగుతుంటాయి. గుడ్లు అడుగుకు చేరితే ఊపిరాడక చచ్చిపోతాయి, అందుకని వాటిని తేలుస్తూ ఉండాలి. వేగం ఎక్కువైతే గోడలకు, జాలీకి కొట్టుకుని చితికిపోతాయి. గుడ్డు పొదిగే ముందు ఒక వేగం, పిల్ల బయటికి వచ్చాక ఒక వేగం. హేచరీలో పనిచేసే కుర్రాళ్ళు కవాటం మీద చెయ్యి వేసి పిల్లను చూస్తూ తిప్పుతారు. అంటే నీళ్ళ వేగం చేప వయసును బట్టీ, పనిని బట్టీ మారాలి. మన చెరువులో గుడ్లు లేవు. పిల్ల తెచ్చి పెంచుతున్నాం. పెరిగే చేపకు కావలసింది ఏరు కాదు, మేత ఉన్న నిలవ నీరు.

ఆ మేతలో సగం మనం వేసేది కాదు. చెరువు నీళ్ళలో పచ్చదనం ఉంటుందే, కంటికి కనపడని నాచు, దాన్ని తినే సూక్ష్మ జీవులు, అదే అసలు మేత. బొచ్చె పైనుండి దాన్నే వడకట్టుకు తింటుంది. పశువుల ఎరువు, సూపర్ వేసేది ఆ పచ్చదనం కోసమే. ఒక పక్క ఎరువు వేసి, రెండో పక్క తూము తెరిచి ఉంచితే డబ్బు మురుగు కాలువలో పోసినట్టే. పొలంలో యూరియా చల్లి వెంటనే మడి కోస్తారా? చెరువు దగ్గరకు వచ్చేసరికి ఆ తెలివి ఎటు పోతుందో నాకు అర్థం కాదు.

పరీక్ష చాలా తేలిక. ఎండ ఉన్న పూట చెయ్యి నీళ్ళలో నిటారుగా ముంచండి. నీళ్ళు మోచేతి దగ్గరకు వచ్చేసరికి అరచెయ్యి మసకబారితే సరిపోయింది. ఇంకా తెల్లగా కనబడుతుంటే మేత లేదు, తూము మూసెయ్యండి. మణికట్టు మునగగానే చెయ్యి కనపడకుండా పోతే పచ్చదనం మితిమీరింది, ఎరువు ఆపి కొంత నీరు మార్చండి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఎకరం చెరువులో నాలుగు అడుగుల నీరుంటే సుమారు 49 లక్షల లీటర్లు. గంటకు 10,000 లీటర్లు పోసే బోరు రోజంతా ఆడినా 2 లక్షల 40 వేల లీటర్లు. చెరువులో నూటికి ఐదు వంతులు కూడా కాదు. అంటే మీరు కరెంటు తగలేసి, బోరు ఎండగట్టి మార్చిన నీరు అంతే. వేసవిలో రోజుకు ఆరు మిల్లీమీటర్లు ఆవిరైతే ఎకరానికి 24 వేల లీటర్ల పైచిలుకు పోతుంది. ఆ లోటు తీర్చడానికి అదే బోరు రెండున్నర గంటలు చాలు. ఊట పోయే నేలైతే ఇంకొంచెం. మిగతా ఇరవై గంటలూ దేనికి ఆడిస్తున్నట్టు?

‘మరి నీళ్ళు కదలకపోతే చేప తేలుద్ది కదండీ’ అంటారు. అక్కడికే వస్తున్నాను. నీళ్ళు కదిలించాలి. కానీ ఎప్పుడు? పగలు ఎండలో నాచు ప్రాణవాయువు ఇస్తుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు గంటల మధ్య చెరువులో గాలి నిండుగా ఉంటుంది. చీకటి పడ్డాక అదే నాచు గాలి పీల్చడం మొదలుపెడుతుంది. చేప పీల్చేది, అడుగు బురద లాక్కునేది దానికి తోడు. తెల్లవారుజాముకు ఖజానా ఖాళీ. లీటరు నీటిలో ఐదు మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటే ఈ చేపలు సుఖంగా ఉంటాయి. మూడుకు దిగితే మేత మానేస్తాయి. ఒకటికి దిగితే పోతాయి, అందులోనూ పెద్ద చేప ముందు పోతుంది. పైగా వేడి నీళ్ళలో గాలి నిలవదు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో ప్రమాదం ఎక్కువ.

కనుక కదిలించవలసిన వేళ తెల్లవారుజాము మూడు నుంచి ఆరు. కొత్త నీరే అక్కర్లేదు. చెరువు నీళ్ళనే మోటారుతో తోడి, ఎత్తు నుంచి చెరువులోకే చిమ్మితే చాలు. నీళ్ళు గాలిలో విరిగి పడినప్పుడు గాలి కలుస్తుంది. ఒక హెచ్‌.పి. మోటారు గంటకు సుమారు ముప్పావు యూనిట్ తింటుంది. మూడు గంటలకు రెండుంబావు యూనిట్లు. రోజంతా ఆడితే 18. నెల తిరిగేసరికి తేడా 470 యూనిట్లు దాటుతుంది.

బోరు నీళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. భూమి లోపలి నీళ్ళలో ప్రాణవాయువు చాలా తక్కువ. కొన్ని చోట్ల ఇనుము, కుళ్ళిన గుడ్డు వాసన కొట్టే వాయువు కూడా వస్తాయి. పైపు చివర చెరువు నీళ్ళలో ముంచి పెడితే ఊపిరాడని నీటిని చేప ముఖాన పోసినట్టు. కాలువ నీళ్ళకు ఇంకో తంటా. పై చేలల్లో మందు కొట్టిన రెండు మూడు రోజులు బోదె నీళ్ళు చెరువుకు పెట్టకండి. పెట్టే ముందు ఆ చేల రైతులను అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. బోదె మూతికి సన్న జాలీ కట్టండి, లేకపోతే చెత్త చేప, జెల్ల లోపలికి వచ్చి మీ పిల్లను తింటాయి.

ఏరేటర్ల సంగతి. 2009లో మన దేశంలో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక చక్రాల ఏరేటర్లు లేని గట్టు లేదు. రొయ్యల చెరువులో చదరపు మీటరుకు 40, 50 పిల్ల వేస్తారు, అక్కడ చక్రం ఆగితే పంట ఆగినట్టే. ఎకరానికి 2,000 చేప పిల్ల వేసే చిన్న రైతుకు కూడా అదే లెక్కన రెండు మూడు అంటగట్టడం ఏం న్యాయం? ఒక కంపెనీ ఏజెంటు అర ఎకరం చెరువుకు రెండు పెట్టించి పోయాడు. రైతు వాటిని పగలు ఆడించి, కరెంటు బిల్లుకు భయపడి రాత్రి ఆపేస్తున్నాడు. సరిగ్గా తిరగేసి చేస్తున్నాడన్నమాట. పైగా మేత సంచులు కట్టిన వెదురు గడల పక్కనే చక్రం. సంచి చిల్లుల్లోంచి చేప తినాల్సిన తవుడు చెరువంతా చెదిరి అడుగున కుళ్ళుతోంది. ఉన్న ఏరేటరును సంచులకు దూరంగా, గాలి వీచే దిక్కుకే నీళ్ళు నెట్టేట్టు పెట్టుకోండి.

అన్ని చేపలకూ ఒకటే మందు కాదు. ఇప్పుడు చాలామంది చిన్న రైతులు పెరట్లో టార్పాలిన్ తొట్లలో కొర్రమేను వేస్తున్నారు. తెలంగాణలో దాన్ని రాష్ట్ర చేపగా పెట్టుకున్నారు కూడా. అది పైకి వచ్చి గాలి మింగే చేప. పైకి రానివ్వకపోతే నీళ్ళలో ఉండే మునిగి చస్తుంది. దానికి ప్రవాహం పెడితే ఉన్న బలమంతా ఈదడానికే పోతుంది, ఒంటికి పట్టదు. పైనుంచి నీటి ధార పడుతుంటే దానికే ఎదురెక్కి, తొట్టె దూకి పోతుంది. అందుకే లోతు మూడు నాలుగు అడుగులు, నిలవ నీరు, చుట్టూ వల. అయితే అది మేత ఎక్కువ తినే చేప, తొట్టె నీళ్ళు త్వరగా చెడతాయి. అడుగు నీరు కొంత తీసి, మెల్లగా కొత్త నీరు పెట్టాలి. సంతలో బిందె కడిగినట్టు ఒక్కసారిగా మార్చకూడదు.

ఈ మధ్య ఒక ఇంటి వసారాలో గాజు తొట్టె చూశాను. పిల్లలు సరదా పడితే కొన్నారట. అందులో ఒకే ఒక ఫైటర్ చేప, దుప్పటి లాంటి పొడుగు రెక్కలు. మోటారు గట్టిగా నీళ్ళు చిమ్ముతోంది, చేప గాజుకు అతుక్కుపోయి మూల నుంచి మూలకు కొట్టుకుంటోంది. ‘డాన్సు చేస్తుందండీ’ అన్నాడు ఇంటాయన. అది డాన్సు కాదు, తప్పించుకోలేక పడే పాట్లు. థాయిలాండ్ వరి చేలల్లో, గుంటల్లో నిలవ నీటిలో బతికే చేప అది. కొర్రమేను లాగే పైకి వచ్చి గాలి పీలుస్తుంది. మోటారు మూతి గోడ వైపు తిప్పి, నాలుగు నీటి మొక్కలు అడ్డం పెట్టమన్నాను. కాసేపటికి మొక్క నీడన కుదురుగా నిలబడింది. కొర్రమేను వేసిన రైతు కూడా తన తొట్టెను అలా కాసేపు నిలబడి చూసుకోవాలి.

ఇక్కడ నాకు ఒక ఫిర్యాదు ఉంది. సమావేశాల్లో రైతుకు ఇచ్చే కరపత్రాల్లో ‘నీటి మార్పిడి చేయాలి, ఏరేటర్లు వాడాలి’ అని ఒక ముక్క ఉంటుంది. ఏ చేపకు, ఏ వేళ, ఎంతసేపు అని ఉండదు. పొలం మోటారుకు పగటి పూటే కరెంటు వచ్చే చోట, తెల్లవారుజామున చెరువు ఎలా కదిలించాలో అసలే ఉండదు. చిన్న చేపల చెరువులున్న ఊళ్ళకు వేసవి రెండు నెలలైనా ఆ మూడు గంటలు కరెంటు ఇవ్వాలని రైతులు కలిసి అడగాలి. అది వచ్చేలోగా నలుగురు కలిసి ఒక డీజిల్ ఇంజను ఉంచుకోండి. అదీ లేని రోజున గెడలతో నీళ్ళు బాదండి, పడవ ఉంటే తెడ్డు వేస్తూ తిప్పండి.

చేపలు పొద్దున్నే పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే గట్టు మీద నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టండి. చటుక్కున మునిగితే ఇంకా వ్యవధి ఉంది. చప్పుడుకు కదలకపోతే ఇక ఆలోచించకండి, ఉన్న ఇంజనంతా పెట్టి చిమ్మండి, ఆ రోజు మేతా ఎరువూ రెండూ ఆపండి. మబ్బు పట్టిన రోజుల్లో నాచుకు ఎండ ఉండదు కనుక సాయంత్రం మేత తగ్గించడం మేలు. లోతు ఎక్కువున్న చెరువులో మండుటెండల తరువాత ఒక్కసారిగా పెద్ద వాన పడితే పైనీళ్ళు చల్లబడి కిందికి దిగుతాయి, అడుగున ఉన్న చెడ్డ నీరు పైకి వస్తుంది. అలాంటి రాత్రి ఇంటికి పోయి పడుకోకండి.

వేసవికి కాలువలు కట్టేసే ముందు ఒక పని చెయ్యండి. బోరు పైపు చివర ఎక్కడుందో చూడండి. నీళ్ళలో మునిగి ఉంటే పైకెత్తి, మూడు నాలుగు అడుగుల ఎత్తున కట్టి, కింద ఒక పలకో నాలుగు రాళ్ళో వేయండి. నీటి ధార వాటి మీద పడి చిట్లాలి. ఖర్చు ఒక తాడు, ఒక వెదురు బొంగు.