కల్తీకల్లు - వైద్యుల బాధ్యత

2015 సెప్టెంబరు నాటి సంగతి పాఠకులు మఱచియుండరు. తెలంగాణమున కల్తీకల్లుపై దాడులు సాగినంతనే నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో వందలకొలది జనులు వణకుచు, పలవరించుచు, మూర్ఛలతో ఆసుపత్రులకు వచ్చి పడిరి, కొందఱు మరణించిరి. వారికి కఱవైనది కల్లు కాదు. దానియందు కలిపిన ఆల్ప్రజోలాము, డయజిపాము మున్నగు నిద్రమందులు.

దాడులు వలదని మేమనుట లేదు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున ఇట్టి కల్లే పలువురిని పొట్టనబెట్టుకొన్నది. కాని దుకాణము మూతపడిన సంగతి దేహమునకు తెలియదు గదా! ఏండ్ల తరబడి మందునకు లోబడిన మెదడు, అది హఠాత్తుగా నిలిచినచో మూర్ఛల పాలగును. వైద్యుడు డయజిపామునే తగు మోతాదున నిచ్చి, వారములకొలది మెల్లమెల్లగా తగ్గించినచో మనిషి నిలుచును.

పత్తర్‌గట్టి కమానుల క్రింద మూటలు మోయు కూలీ యొకడు మూసీ దాటి ఉస్మానియా ఆసుపత్రికి వచ్చెననుకొందము. “త్రాగుబోతువా?” యని గద్దించినచో సిగ్గుపడి దాచును, రెండుమూడు నాళ్ళలో మూర్ఛతో మరల వచ్చును. “ఎన్ని సీసాలు, ఎన్నాళ్ళ నుండి, కడపటిసారి యెప్పుడు?” అని నెమ్మదిగా నడుగుటకు ఒక్క నిమిషము చాలును.

వైద్యుల దోషమును కూడ చెప్పక తప్పదు. 2014 మార్చి నుండి ఆల్ప్రజోలాము హెచ్-1 పట్టికలో నున్నది. చీటీ లేక అమ్మరాదు, అమ్మకమును వేఱు పుస్తకమున వ్రాయవలెను. అయినను నిద్రపట్టదన్నవారికి నెలల తరబడి అదే మాత్ర వ్రాయువారు లేరా? మద్యముతో కూడినచో ఆ మాత్రయే ఊపిరిని మందగింపజేయును.

ఈసారి దాడికి బయలుదేరుటకు ముందు ఆబ్కారీవారు ఆ జిల్లా వైద్యులకు కబురంపి, పడకలు, మందులు సిద్ధము చేయింతురా యని మేమడుగుచున్నాము.