ఎవరి ఆరోగ్యం? ఎవరి దారి?

2023 వేసవిలో ఒక ఉదయం, హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన అప్పటికింకా నిర్మాణంలో ఉన్న సైకిల్ దారిని చూద్దామని నార్సింగి వెళ్ళాను. కార్ల కోసమే పెరుగుతున్న నగరంలో సైకిల్‌కి కాస్త చోటు దొరుకుతోందంటే సంతోషం కలిగిన మాట నిజం. నానక్‌రాంగూడ నుండి పోలీసు అకాడమీ దాకా ఒక పాయ, నార్సింగి నుండి కొల్లూరు దాకా మరో పాయ, మొత్తం 23 కిలోమీటర్లు. నాలుగున్నర మీటర్ల వెడల్పు. పైన సౌర ఫలకాల కప్పు. నీడకి నీడ, కరెంటుకి కరెంటు. ఆలోచన మంచిదే.

దారి పక్కన స్త్రీలు తట్టలు మోస్తున్నారు. మంచినీళ్ళకి ఆగిన ఒకామెని సైకిల్ తొక్కడం వచ్చా అని అడిగాను.

"మా తమ్మునికి నేర్పిన్రు మేడం. నన్ను గొర్లెంబడి తోలిన్రు" అని నవ్వింది. "ఇది అయినంక మేం గిట్ల రావచ్చునా?" అని తిరిగి అడిగింది.

రావచ్చు, ఎవరూ కాదనరు. కానీ ఎక్కడి నుండి రావాలి? ఎక్కడికి పోవాలి? ఆమె గుడిసె నుండి పని దగ్గరికి ఈ దారి వెళ్ళదు.

2023 అక్టోబరు 1న ప్రారంభించినప్పుడు ఈ దారికి పెట్టిన పేరు 'హెల్త్ వే'. అసలు సంగతి ఆ పేరులోనే ఉంది. నాలుగిళ్ళలో అంట్లు తోమి, నడిచి ఇంటికొచ్చి మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడే స్త్రీకి వ్యాయామం కొరతేమీ లేదు. ఆమెకు లేనిదల్లా సమయం. 2011 జనాభా లెక్కల ప్రకారం వ్యవసాయేతర పనులకు ప్రయాణించే స్త్రీలలో నూటికి 45 మంది కాలినడకనే వెళ్ళేవారు. పురుషులలో అలా వెళ్ళేవారు 27 మందే. సైకిల్ ఎవరికి అవసరమో ఈ రెండు అంకెలు చెప్పడం లేదా?

'ఆడవాళ్ళు సైకిల్ ఎక్కరు కదా' అనేది వెంటనే వచ్చే జవాబు. ఎక్కరా, ఎక్కనివ్వరా? నేను గంటకింత అని అద్దె సైకిల్ తీసుకుని మోచేతులు గీరుకుపోయేలా నేర్చుకున్నాను. 1992లో పెద్దమనిషినయ్యాను. ఆ వారమే సైకిల్ మాన్పించారు. సరిగ్గా ఆ రోజుల్లోనే తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం స్త్రీలకు అక్షరాలతో పాటు సైకిల్ తొక్కడం కూడా నేర్పుతోంది. అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్ చొరవతో బ్యాంకులు వాళ్ళకు సైకిళ్ళ కోసం అప్పులిచ్చాయి. రాళ్ళు కొట్టే కూలీలు, పొలం కూలీలు, నర్సులు, మగవాళ్ళ వెకిలి మాటల మధ్యనే సైకిలెక్కారు.

బీహారులో 2006 నుండి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది. హైస్కూల్లో చేరే ఆడపిల్లలు నూటికి 32 వంతున పెరిగారని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాష్‌ల అధ్యయనం తేల్చింది. హైస్కూలు మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్ళలోనే ఈ ఫలితం ఎక్కువ. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలవగానే బస్సులు నిండిపోయాయి. ఆడవాళ్ళకు బయట ఏం పని అన్నవాళ్ళకి అంతకన్నా జవాబు అక్కర్లేదు.

పితృస్వామ్యం స్త్రీని ఇంట్లో బంధించడానికి ప్రతిసారీ తాళమే వెయ్యదు. దారి వెయ్యకపోయినా చాలు. సాయంత్రం షికారుకి నీడ కట్టించే వ్యవస్థ, తెల్లవారుజామున చీకట్లో పనికి నడిచే స్త్రీకి ఒక వీధి దీపం పెట్టడానికి వెనకాడుతుంది. ప్రజాధనం ఎవరి కాళ్ళకింద పరుస్తున్నారన్నది ఇంజనీర్లకు వదిలెయ్యాల్సిన ప్రశ్న కాదు. అది హక్కుల ప్రశ్న.

మీ ఊళ్ళో కూడా రేపో మాపో ఒక సైకిల్ దారికి కొలతలు వేస్తారు. సిమెంటు గట్టిపడక ముందే వెళ్ళి అడగండి. ఇది బస్తీని బస్‌స్టాపుతో, బడితో, ఆసుపత్రితో కలుపుతుందా? దీపాలున్నాయా? స్త్రీలకు మరుగుదొడ్లున్నాయా? సైకిల్ నేర్పేదెవరు, అప్పిచ్చేదెవరు? ఆ రోజు తట్ట దించి నన్నడిగిన ఆమె ప్రశ్నకు నేను నీళ్ళు నమిలాను. ఈసారైనా దారి గీయక ముందే ఆమెను పిలిచి, ఎటు పోవాలో ఆమెనే అడిగించాలి.