అరుగు లేని దుకాణాలు

గత ఏడాది దసరాకు ముందు ఒక సాయంత్రం దుబాయి నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. వాళ్ళది కోరుట్ల. చెల్లెలి పెళ్ళికి వచ్చే చుట్టాలకు పెట్టడానికి యాభై చీరలు కావాలట. "మామా, సిరిసిల్ల మన పక్కనే గదా! నడుమ దుకాణపోళ్ళు ఎందుకు, నేసేటోళ్ళ దగ్గర్నే తీసుకుందామని చూస్తున్న. ఎవరికి ఫోన్ చెయ్యాలె?" అన్నాడు. నేను జగిత్యాలలో పుట్టి పెరిగినవాణ్ణి. సిరిసిల్ల మీదుగా ఎన్నిసార్లు ప్రయాణం చేశానో లెక్క లేదు. అయినా ఒక్కరి పేరు కూడా చెప్పలేకపోయాను.

"అంతర్జాలంలో వెతుకు అల్లుడా" అని తప్పించుకున్నాను. రెండు రోజుల తరువాత అతనే మళ్ళీ చేశాడు. సిరిసిల్ల గురించి వార్తలు కొల్లలుగా దొరికాయట. అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేసిన తండ్రీకొడుకుల సంగతి దొరికింది. జీ-20 చిహ్నాన్ని మగ్గం మీద నేసి పంపిన కళాకారుణ్ణి 2022 నవంబరులో ప్రధానమంత్రి రేడియోలో మెచ్చుకున్న సంగతి దొరికింది. యాభై చీరలు అమ్మేవారి చిరునామా మాత్రం దొరకలేదు. చివరికి ఒక చిన్న వ్యాపారి సైటు కనబడింది. అది తెరుచుకోవడానికే నిమిషం పట్టింది. పైన బొమ్మలు ఒకదాని వెంట ఒకటి జారిపోతున్నాయి. ధర లేదు. ఫోను నంబరు ఒక బొమ్మలో ఇరుక్కుని ఉంది, నొక్కితే పలకదు. 'మమ్మల్ని సంప్రదించండి' అన్న చోట రెండుసార్లు రాసి పంపాడు. జవాబు లేదు. అతను హైదరాబాదులోని ఒక పెద్ద దుకాణం నుంచి చీరలు తెప్పించుకున్నాడు.

ఆ వ్యాపారి తాను ఒక బేరం పోగొట్టుకున్నానని ఈనాటికీ ఎరుగడు. దుకాణం ముందుకు వచ్చి వెనుదిరిగిన మనిషి కంటికి కనబడతాడు, పిలిచి కూర్చోబెట్టుకోవచ్చు. సైటు దాకా వచ్చి వెళ్ళిపోయినవాడి అడుగుల చప్పుడు కూడా వినబడదు. అందుకే చెడ్డ సైటు చేసే నష్టం ఎవరి లెక్కల పుస్తకంలోకీ ఎక్కదు.

మన పాత ఇళ్ళకు వీధివైపు అరుగు ఉండేది. ఇంటివారిని ఎరుగని బాటసారి కూడా అక్కడ కూర్చుని, మంచినీళ్ళు అడిగి, తనకు కావలసిన ఇల్లు ఎక్కడో తెలుసుకునేవాడు. అరుగు ఎత్తు, దాని మీది నీడ, పక్కనున్న మెట్టు అన్నీ వచ్చేవాణ్ణి దృష్టిలో పెట్టుకుని కట్టినవే. సైటు రూపకల్పన అంటే రంగులూ హంగులూ అని మనవాళ్ళలో ఒక అపోహ ఉంది. నా దృష్టిలో అది గడప దాకా రాలేనివాడికి చేసే మర్యాద. రంగులు తరువాతి మాట.

ఈ మర్యాద అవసరం మా ప్రాంతానికి మరీ ఎక్కువ. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో గల్ఫుకు మనిషిని పంపని వాడ అరుదు. మరికొందరు బొంబాయి, భివండీ, సూరత్‌లలో స్థిరపడ్డారు. మన ఊళ్ళ వస్తువును ప్రేమతో కొనగల వారిలో చాలామంది ఊళ్ళో లేరు. పని ముగించుకుని, రాత్రి క్యాంపు గదిలో, పగిలిన అద్దమున్న చిన్న ఫోనులో చూస్తారు. కార్యాలయంలోని పెద్ద తెర మీద అందంగా కనబడే పుట ఆ ఫోనులో ఎలా ఉంటుందో ముందు చూడాలి. నాలుగు మెగాబైట్ల ఫోటోను నూటయాభై కిలోబైట్లకు కుదించవచ్చు. ఫోను తెర మీద తేడా కనబడదు, పుట మాత్రం చప్పున తెరుచుకుంటుంది. నంబరును అక్షరాలుగా రాసి లంకె పెడితే నొక్కగానే ఫోను కలుస్తుంది. పసుపుపచ్చ నేల మీద తెల్లటి అక్షరాలు పెడితే నలభై దాటిన కళ్ళకు ఆనవు. ఇందులో ఏ ఒక్క పనికీ పెద్ద ఖర్చు లేదు.

మర్యాదలో నిజాయితీ కూడా ఒక భాగం. సిరిసిల్లలో వేల సాంచాలు, అంటే మరమగ్గాలు ఆడతాయి. అక్కడ తయారయ్యేది ఎక్కువగా పాలిస్టరు బట్ట. దాన్ని అమ్మే పుటలో చేనేత పట్టుచీర బొమ్మ పెడితే అది అలంకారం కాదు, మోసం. మరమగ్గపు బట్టకు దాని గౌరవం దానికి ఉంది. "ఇది సాంచా మీద నేసింది, ఇంత వెడల్పు, ఇంత ధర, కనీసం ఇన్ని తీసుకోవాలి" అని చెబితే కొనేవాడికి నమ్మకం కుదురుతుంది. కోరుట్ల పసుపు వ్యాపారికీ ఇదే సూత్రం. కొమ్మా, మండా? ఏ ఏటి పంట? కిలో కూడా పంపుతారా, బస్తాలే అమ్ముతారా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పని పుటలో ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మ ఎంత బాగుంటేనేమి? పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఇక సంఘాల సంగతి. దాదాపు ఇరవై ఏళ్ళ క్రితం మా ప్రాంతపు సాహితీ మిత్రులు కొందరు ఒక సైటు పెట్టారు. కవి సమ్మేళనాల ఫోటోలు, సభ్యుల కవితలు, పుస్తక పరిచయాలు అన్నీ అందులో ఉండేవి. ఆ రోజుల్లో మనందరికీ తెలిసిన తిప్పలే: ఫలానా ఖతి దించుకుంటే తప్ప అక్షరం కనబడదు. కొన్ని కవితలనైతే బొమ్మలుగా మార్చి పెట్టారు. యూనికోడులోకి మార్చమని చెప్పి చూశాను. "ఇప్పుడు బాగానే కనబడుతోంది కదండీ" అన్నారు. సైటు తయారుచేసిన కుర్రవాడు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. పేరు అతని ఖాతాలోనే ఉండిపోయి, గడువు తీరింది. అందులో కవితలున్న ఒక పెద్దాయన తరువాత కాలం చేశారు. సంస్మరణ సంచికకు ఆయన రచనలు కావాలని వారి అమ్మాయి అడిగితే, నా దగ్గర మిగిలిన రెండు దస్త్రాలు తెరిచాను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. ఖతి పోయింది, దానితోపాటు కవితా పోయింది.

1991లోనే యూనికోడు మొదటి సంచికలో తెలుగుకు చోటు దక్కింది. ఆ చోటు వాడుకున్న అక్షరాన్ని ఈనాడు ఏ ఫోనైనా చూపిస్తుంది, వెతుకుడు యంత్రం పట్టుకుంటుంది, చూపు లేనివారికి యంత్రం చదివి వినిపిస్తుంది. బొమ్మగా మార్చిన కవితను మాత్రం వెతికి పట్టుకోవడం కష్టం. ఏ లిపి సంకేతంలో రాయాలి, పేరు ఎవరి ఖాతాలో నమోదు చేయాలి, నకలు ఎవరి దగ్గర ఉండాలి అన్న నిర్ణయాలు కూడా రూపకల్పనలో భాగమే. కంటికి కనబడవు కనుక వీటినే ముందు మరిచిపోతాం.

"వాట్సాప్, ఫేస్‌బుక్ ఉండగా ఈ సైటు గొడవ ఎందుకు?" అని అడిగేవారున్నారు. అడగదగిన ప్రశ్నే. రోజూ పలకరించుకోవడానికి అవి చాలు, వాడుకోవలసిందే. కానీ అవి అద్దె గదులు. 2009లో జియోసిటీస్ మూతబడింది, 2014లో ఆర్కుట్ మూతబడింది. అక్కడ మనం కట్టుకున్న ఇళ్ళు ఏమయ్యాయో మీకు గుర్తు చేయనక్కరలేదు. పైగా వాట్సాప్ గుంపులో లేనివాడికి ఆ దుకాణం ఉన్నట్టే తెలియదు. ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలతో సొంత పేరు దొరుకుతుంది. దాని కింద ఒకే ఒక్క పుట ఉన్నా అది సొంత అరుగు.

ఒక్క పుటతో సిరిసిల్ల కష్టాలు తీరతాయని నేననను. 2017లో మొదలైన బతుకమ్మ చీరల పథకం ఏటా సుమారు కోటి చీరలతో ఆ ఊరికి పని కల్పించింది. 2023 తరువాత అది ఆగింది. 2024లో ఆర్డర్లు లేక సాంచాలు నిలిచిపోయిన రోజుల్లో కార్మికులు పడ్డ అవస్థ మనం పత్రికల్లో చదివాం. తరువాత మహిళా సంఘాల చీరల పేరిట ప్రభుత్వపు పని మళ్ళీ వచ్చింది. నూలు ధర, కరెంటు బిల్లు, సేటుకూ ఆసామికీ మధ్య లెక్కలు, ఇవేవీ సైటు తీర్చే సమస్యలు కావు. అయితే కొనేవాడు ఒక్కడే అయినప్పుడు వాడి మాట ఆగితే ఊరు ఆగుతుంది. యాభై చీరలు కొనేవాళ్ళు వందమంది కలిస్తే ప్రభుత్వపు ఆర్డరుకు సరితూగరు, నిజమే. కానీ ఒక ఆసామి ఇంట్లో నాలుగు సాంచాలు ఒక నెల ఆడడానికి అలాంటి బేరాలు కొన్ని చాలు. ఆ కొందరికి అతని పేరు తెలియాలి. ఊరి పేరు లోకమంతా ఎరుగును, నేసిన మనిషి పేరు మా మేనల్లుడికి కూడా దొరకలేదు. నాకు బాధ కలిగించేది ఇదే.

మిత్రులారా, అంతర్జాలంలో తెలుగు కనబడడమే వింతగా ఉన్న రోజుల్లో ఖతులు, కీబోర్డులు, లంకెలు ఒకరికొకరం నేర్పుకున్నాం. ఆ విద్య మన కవితలకూ జ్ఞాపకాలకూ బాగానే ఉపయోగపడింది. ఇప్పుడు సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు ఒక ఆదివారం వెచ్చించి, మనకు తెలిసిన ఒక్క దుకాణానికో గ్రంథాలయానికో ఒక్క పుట చేసిపెడదాం. ఎవరు, ఏం చేస్తారు, ఎంత, ఎక్కడ, ఎప్పుడు, ఏ నంబరు: ఈ ఆరింటికీ తెలుగులో జవాబులు, కింద తాజాపరచిన తేదీ. పేరు వాళ్ళ ఖాతాలోనే నమోదు చేయించి, తాళం వాళ్ళ చేతికే ఇచ్చి రావాలి.

వచ్చే సంక్రాంతికి నేను సిరిసిల్ల వెళ్తున్నాను. ఒక ఆసామితో మాట్లాడాను. "ఫోటోలు నువ్వే దియ్యాలె సారూ, ధరలు నేను చెప్త" అన్నాడు. మా మేనల్లుడికి ఇంకో చెల్లెలుంది. ఈసారి ఎవరికి ఫోను చేయాలని అడిగితే చెప్పడానికి నాకొక పేరుంటుంది.