గృహోపదేశము: తియ్యని మాటయు వ్రాసిన మాటయు



మన పెద్దలు ఓడ యెక్కిన కథ మీరు విననిది కాదు. 1860 నవంబరు 16వ తేదిని ‘ట్రూరో’ అను ఓడ చెన్నపట్టణమునుండి కూలివారిని దెచ్చి డర్బను రేవున దింపినది మొదలు 1911వ సంవత్సరము వఱకు వేలకొలది తెలుగువారు నేటాలునకు వచ్చిరి. కూలీలను కుదుర్చుటకు ఊరూర తిరిగినవారిలో అనేకులు తియ్యని మాటలు చెప్పిరి. గిరిమిటి కాగితముమీద మాత్రము 5 ఏండ్ల పని, మొదటి యేట నెలకు 10 షిల్లింగుల జీతము అని యుండెను. చదువురానివారు మాటను నమ్మి కాగితముమీద గుర్తు పెట్టిరి. మాటకును వ్రాతకును గల భేదము చెఱకు తోటలో దిగిన పిమ్మటనే వారికి తెలిసెను.

ఆత్మసంబంధమైన మోసమును ఈ రీతిగానే వచ్చును. అది భయంకరరూపము ధరించి రాదు. మన భాషయే మాటలాడుచు, ప్రభువు నామమునే పలుకుచు, మన కష్టకాలమున గుమ్మమునొద్ద నిలుచును.

ఇట్లు తలంచుడి. బిడ్డకు జ్వరము, తల్లి మూడు రాత్రులుగా నిద్ర యెఱుగదు. జీతములు ముట్టిన దినమున ఒక క్రొత్త మనుష్యుడు గ్రంథము చేతబట్టి వచ్చి, కన్నులు మూసి ప్రార్థించి యిట్లనును: “అమ్మా, నీ పొరుగింటి విధవరాలు చిల్లంగి పెట్టినది. ఈ నూనె రాయుము. డాక్టరు మందు మానుము. మానకున్న నీకు విశ్వాసము లేనట్టే. రేపటిలోగా కానుక చెల్లింపుము. నీ పెనిమిటితోను, సంఘపు పెద్దలతోను చెప్పవద్దు.” ఆ తల్లి యేమి చేయవలెను?

మొదట, చెప్పిన మాటను వ్రాసిన వాక్యముతో సరిచూడవలెను. బెరయవారు పౌలు బోధను సహితము లేఖనములతో పోల్చి చూచిరి. అందుకు వారు మెప్పుపొందిరే గాని నింద పొందలేదు. రోగికి నూనె రాచి ప్రార్థించుట యాకోబు పత్రికలో నున్నది, నిజమే. అయితే అక్కడ పిలువవలసినది సంఘపు పెద్దలను. దాచుమని లేదు, వెల లేదు, మందు మానుమనియు లేదు. పౌలునకు ప్రియుడైన లూకా వైద్యుడే గదా!

రెండవది, లాభము ఎవరి చేతికి పోవుచున్నదో చూడవలెను. ఫిలిప్పీలో సోదె చెప్పిన దాసి పౌలును గూర్చి పలికినది అబద్ధము కాదు. అయినను ఆమెలోని ఆత్మ దేవునిది కాదు. ఆమె సోదెవలన యజమానులకు మిక్కిలి లాభము కలుగుచుండెను. ఆమె విడుదల పొందగానే వారు సంతోషింపక, ఆదాయము పోయెనని పౌలును సీలను అధికారులయొద్దకు ఈడ్చిరి. ఒకరి శ్రమఫలము మఱియొకరి సంచిలో పడుట యెట్టిదో మన కుటుంబములకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

మూడవది, తొందరపెట్టు మాటను, దాచుమను మాటను నమ్మరాదు. సత్యము రేపటి వఱకు నిలిచియే యుండును. పదిమంది యెదుట పలుకుటకు వెఱవదు.

నాలుగవది, ఫలమును చూడవలెను. ఆ మనుష్యుడు వెడలిపోయిన పిమ్మట ఆ యింట మిగులునది ప్రేమయా, ద్వేషమా? దిక్కులేని విధవరాలిని వేలుపెట్టి చూపిన ఆత్మ, విధవరాండ్రను కాపాడు దేవుని ఆత్మ కాజాలదు. బిడ్డకు జ్వరము తగ్గినను, పొరుగింటిపై వేసిన నింద తగ్గదు.

అట్లని క్రొత్తవారి నెల్ల అనుమానింపకుడి. 1903లో నెల్లూరునుండి నేటాలునకు వచ్చిన జాన్ రంగయ్యగారును మొదట క్రొత్త మనుష్యుడే. అయితే ఆయనను తెలుగు బాప్టిస్టు సంఘములవారు పంపిరని అందఱకు తెలియును. ఆయన బోధ బహిరంగముగా జరిగెను. కావున వచ్చినవానికి కూర్చుండ పీట వేయుడి, దాహమిండు. మాటను మాత్రము పరీక్షించి పుచ్చుకొనుడి.

మీలో ఎవరైన ఇదివఱకే మోసపోయి యున్నయెడల సిగ్గుపడి దాచవద్దు. ఆ దాపరికమే మోసగానికి బలము. అట్టివారిని చూచి మీరెవరును నవ్వవద్దు. మనలో దుఃఖదినమున తియ్యని మాటకు చెవియొగ్గనివారెవరు?

ఈ వారము రాత్రి భోజనమైన పిమ్మట అపొస్తలుల కార్యములు 16, 17 అధ్యాయములు ఇంట చదువుకొనుడి. చదువు వచ్చిన బిడ్డచేత చదివించి, పెద్దలు వినుడి. మన తాతలకు కాగితము చదివి చెప్పువారు లేకపోయిరి. మన యిండ్లలో చదువువారున్నారు, గ్రంథమును ఉన్నది.