కారు సంగతి మనకెందుకట?

కొత్తిమీర కట్టకి రెండు రూపాయలు ఎక్కువ చెప్తే రైతుబజారంతా తిరిగొస్తాం. కారు మెకానిక్ వేలల్లో బిల్లు చేతిలో పెడితే మాత్రం నోరు మెదపం. అది మగవాళ్ల వ్యవహారమట! డబ్బు మటుకు ఇంటిదే.

ఆమధ్య మా కారులో ఇంజన్ లైటు వెలిగింది. గ్యారేజీ అబ్బాయి బానెట్ అయినా ఎత్తకుండా "ఆక్సిజన్ సెన్సార్ పోయింది మేడమ్, మార్చేద్దాం" అన్నాడు. "కోడ్ ఏం వచ్చింది?" అన్నాను. "అవన్నీ మీకెందుకు, సార్‌కి ఫోన్ చేస్తాలెండి." ఒళ్లు మండింది. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కి స్కానర్ తగిలిస్తే గానీ కదలనన్నాను.

ఇంతకీ ఈ సెన్సార్ (సినిమా సెన్సార్ కాదు లెండి) చేసే పనేమిటి? పొగగొట్టంలో కూర్చుని, కాలగా మిగిలిన ఆక్సిజన్ ఎంతుందో రుచి చూస్తుంది. ఎక్కువుంటే పెట్రోలు చాలలేదనీ, తక్కువుంటే ఎక్కువైందనీ కంప్యూటర్‌కి చెబుతుంది. అది పెట్రోలు సర్దుతుంది. అంటే నాలుకన్నమాట. పప్పులో ఉప్పు తక్కువైందని నాలుక చెబితే నాలుక మార్పించుకుంటామా?

మాకొచ్చిన కోడ్ పీ 0171. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని దానర్థం. సెన్సార్ చెడిందని కాదు. వెతికితే ఇంజన్‌లోకి వెళ్లే ఓ రబ్బరు గొట్టం చీలి, దొంగగాలి లోపలికి పోతోంది. గొట్టం మార్చారు, లైటు ఆరింది. సెన్సార్ మార్చి ఉంటే నాలుగు రోజులకి మళ్లీ వెలిగేది, ఇంకో పార్టు పేరు వినిపించేది.

అలాగని సెన్సార్ ఎప్పుడూ చెడదని కాదు. అది బాగా వేడెక్కితేనే పనిచేస్తుంది, అందుకే లోపల చిన్న హీటర్ ఉంటుంది. పీ 0135 లాంటి కోడ్ ఆ హీటర్ గురించి. అప్పుడు కూడా ముందు వైరూ, ఫ్యూజూ చూడమనాలి. నిజంగా పోయిందని తేలితే వాయిదా వేయకూడదు. పెట్రోలు ఎక్కువ తాగుతూ పోతే పక్కనున్న కాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. దాని ముందు సెన్సార్ ఎంత? మార్చేది కన్వర్టర్ ముందుదా, వెనకదా అన్నది కూడా అడగాలి. చాలా కార్లలో రెండూ ఉంటాయి.

"ఆడవాళ్లకి ఇవన్నీ అర్థం కావు" అనేవాళ్లకి నాదొకటే ప్రశ్న. మీకు అర్థమయ్యే కారు బిల్లు కట్టొస్తున్నారా? మా ఇంటాయన్ని కోడ్ అంటే ఏమిటని అడిగితే పేపరు అడ్డం పెట్టుకున్నారు.

మార్చాక పాత సెన్సార్ కూడా అడిగి తెచ్చుకోండి. టైలర్ దగ్గర మిగిలిన జాకెట్ గుడ్డ అడిగి తెచ్చుకునే మనకి ఇక్కడ మొహమాటమెందుకు?