బుష్‌ను ఓడించింది పెరో కాదు

అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు దగ్గరపడినప్పుడల్లా ఒక పాత లెక్క మళ్లీ బయటికొస్తుంది. 1992లో జార్జి హెచ్.డబ్ల్యు. బుష్ నిజానికి ఓడాల్సినవాడు కాదట. టెక్సాస్ కోటీశ్వరుడు రాస్ పెరో మధ్యలో దూరి ఓట్లు చీల్చబట్టే బిల్ క్లింటన్ గట్టెక్కాడట. క్లింటన్‌కు 43 శాతం, బుష్‌కు 37.4, పెరోకు 18.9. చివరి రెండూ కలిపితే 56 దాటుతుంది, ఇంకా సాక్ష్యం కావాలా అని ధీమాగా అడుగుతారు. మన దగ్గర ఈ వాదన మరీ సులువుగా చెల్లుబాటవుతుంది. 2009లో ప్రజారాజ్యం ఎవరి ఓట్లు చీల్చిందన్న తగువు ఇప్పటికీ తెగలేదు మరి.

కూడిక సరిగానే ఉంది. ఆ రెండింటినీ కలపవచ్చని ఎవరు చెప్పారన్నదే ప్రశ్న. పోలింగ్ రోజున ఓటేసి బయటికొచ్చిన పెరో మద్దతుదారులను, ఆయన బరిలో లేకపోతే ఏం చేసేవారని అడిగారు. 38 శాతం మంది బుష్ అన్నారు, మరో 38 శాతం మంది క్లింటన్ అన్నారు. మిగిలినవాళ్లలో ఎక్కువమంది అసలు ఓటే వేసేవాళ్లం కాదన్నారు. పెరోకు దాదాపు 1.97 కోట్ల ఓట్లు పడ్డాయి. అవన్నీ మిగిలిన ఇద్దరికే పోయాయనుకున్నా, దేశం మొత్తం ఓట్లలో క్లింటన్‌ను దాటడానికి బుష్‌కు వాటిలో నూటికి 65 రావాలి. సగం సగంగా చీలిన జనంలో ఆ 65 ఎక్కణ్నుంచి వస్తుంది?

ఓటేసి వచ్చినవాళ్లు ఏదో చెబితే అదే ప్రమాణమా అనొచ్చు. సరే, ఆ సర్వేను పక్కన పెడదాం. పెరో లేని పోటీ ఎలా ఉంటుందో ఆ ఏడాది వేసవిలో దేశమంతా చూసింది. జులై 16న పెరో తప్పుకున్నాడు, తిరిగి అక్టోబర్ 1న వచ్చాడు. ఆ రెండున్నర నెలలూ ఇద్దరి మధ్యే పోటీ. పెరో తప్పుకోగానే ఆయన మద్దతుదారులు బుష్ వైపు పరుగెత్తారా? లేదు. క్లింటన్ ఆధిక్యమే 20 పాయింట్లు దాటింది. డెమొక్రాట్ల మహాసభ కూడా అప్పుడే జరిగింది కాబట్టి ఆ ఊపు కొంత దానిది. తర్వాత ఆధిక్యం తగ్గింది కూడా. అయినా బుష్ మాత్రం ముందుకు రాలేకపోయాడు.

ఇంకాస్త పదునైన వాదన ఒకటుంది. ఓట్లు చీల్చకపోయినా నెలల తరబడి విమర్శించి బుష్ పరువు తీసింది పెరోయే కదా అంటారు. దీనికి తేదీలే జవాబు. గల్ఫ్ యుద్ధం ముగిసిన రోజుల్లో, 1991 వసంతంలో, గ్యాలప్ సర్వేలో బుష్‌కు 89 శాతం ఆమోదం. 1992 జనవరికల్లా అది 50కి దిగువన ఉంది. ఫిబ్రవరి 18న న్యూహాంప్‌షైర్ ప్రైమరీలో పాట్ బుకానన్ అనే టీవీ వ్యాఖ్యాత, సొంత పార్టీ అధ్యక్షుడి మీద నిలబడి, మూడో వంతుకు పైగా ఓట్లు పట్టుకుపోయాడు. పోటీ చేసే ఆలోచన ఉందని పెరో టీవీలో చెప్పింది ఆ తర్వాత రెండు రోజులకు! ఇల్లు అంటుకున్నాక వచ్చినవాడిని నిప్పు పెట్టావంటే ఎలా?

ఆ నిప్పు బుష్ చేతల్లోనే ఉంది. 1988లో కొత్త పన్నులు వేయనని మహాసభ వేదిక మీద మాటిచ్చాడు. 1990లో బడ్జెట్ ఒప్పందం కోసం పన్నులు పెంచాడు. లోటు తగ్గించడానికి అది అవసరమే కావచ్చు. కానీ అంత గట్టిగా ఇచ్చిన మాట ఎందుకు తప్పాల్సి వచ్చిందో జనానికి నచ్చజెప్పుకోలేకపోయాడు. మాంద్యం 1991 మార్చిలోనే ముగిసిందని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఉద్యోగాలు మాత్రం తిరిగి రాలేదు. నిరుద్యోగం పెరుగుతూ పోయి 1992 జూన్‌లో 7.8 శాతానికి చేరింది. పని పోయినవాళ్లకు భృతి గడువు పెంచే బిల్లు 1991 ఆగస్టులో వస్తే సంతకం చేసి కూడా నిధులు విడుదల కానివ్వలేదు. అక్టోబర్‌లో మరో బిల్లును వీటో చేశాడు. ఒత్తిడి పెరిగాక నవంబర్‌లో ఒప్పుకున్నాడు. ఇచ్చిన సాయం కంటే ఇవ్వడానికి చేసిన జాగే జనానికి గుర్తుండిపోయింది.

ఓట్ల చీలిక అనేదే లేదని నా వాదన కాదు. 1912లో జరిగింది అదే. మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్, తన రిపబ్లికన్ పార్టీ వాడే అయిన అధ్యక్షుడు టాఫ్ట్ మీద తిరగబడి వేరు పార్టీ పెట్టాడు. ఒకే ఇంటి ఓటు రెండు ముక్కలై, 42 శాతంలోపు ఓట్లతోనే డెమొక్రాట్ విల్సన్ గెలిచాడు. దీనికి ఎదురు ఉదాహరణ కూడా చరిత్రలోనే ఉంది. 1948లో అధ్యక్షుడు ట్రూమన్ పార్టీ నుంచి ఒకరు కాదు, ఇద్దరు విడిపోయి పోటీ చేశారు. దక్షిణాదిలో థర్మండ్ నాలుగు రాష్ట్రాలు లాక్కున్నాడు, మరోవైపు వాలెస్ వామపక్ష ఓట్లు తీసుకున్నాడు. అయినా ట్రూమన్ గెలిచాడు. మూడో మనిషి ఉండటంతోనే పదవిలో ఉన్నవాడి రాత తేలిపోదు.

బుష్ రాత తేల్చిన అంకె వేరే ఉంది. ఓటేసినవారి సంఖ్య 1988 కంటే 1992లో కోటికి పైగా పెరిగింది. బుష్ ఓట్లు మాత్రం దాదాపు 98 లక్షలు తగ్గాయి. బుష్‌ను వదిలినవాళ్లలో చాలామంది పెరోకు వేశారు, నిజమే. ‘అవి బుష్ ఓట్లే కదా’ అనేవారు ఒకటి మరిచిపోతున్నారు. నాలుగేళ్ల పాలన చూశాక, తాము ఎన్నుకున్న మనిషినే కాదని బయటికొచ్చినవాళ్లు వాళ్లు. అధ్యక్షుడు మళ్లీ గెలుస్తాడా లేదా అని అంచనా కట్టేవాళ్లు, పోటీలో మూడోవాడెవడని వెతకడం మాని, కిందటిసారి ఓటేసినవాళ్లలో ఎందరు ఆయన వెంట మిగిలారో ముందు లెక్కపెట్టాలి. ఆ లెక్కలో తప్పినవాడికి ఎదుటివాళ్లు ఎందరున్నా ఒకటే.