మంచుదారి – మేనమామ ఇల్లు

చైనా దేశంలో సంవత్సరాది నడి చలికాలంలో వస్తుంది. చాంద్రమానాన్ని అనుసరించే పండుగ కనుక జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య ఏనాడైనా రావచ్చును. దానికి వసంతోత్సవమని పేరు. కాని ఈశాన్యాన హర్బిన్ నగర ప్రాంతంలో ఆ రోజులలో వసంతం పేరులో మాత్రమే ఉంటుంది. నేలమీద ఉండేది మంచు. రాత్రివేళ చలి తరచు సున్నకు దిగువన 20 డిగ్రీలను మించుతుంది. నదులు గడ్డకడతాయి. ఇంతటి చలిలో ఇల్లు కదలకుండ ఉండడమే వివేకమని ఎవరికైనా తోస్తుంది. అయినా ఆ పండుగ దినాలలో ఇల్లు కదలని కుటుంబం అక్కడ అరుదు. బంధువుల ఇండ్లకు పోవడం ఆ పండుగకు ప్రాణం వంటి ఆచారం.

ఆ ప్రయాణాలకు ఒక క్రమం ఉన్నది. మొదటి దినం భర్త తరపు పెద్దలకు చెందుతుంది. రెండవ దినం – కొన్ని సీమలలో మూడవ దినం – వివాహిత అయిన కుమార్తె బిడ్డలను వెంటబెట్టుకొని పుట్టింటికి పోతుంది. చేతిలో కానుకలుంటాయి, అవి సరిసంఖ్యలో ఉండాలి. సంక్రాంతికి ఆడపడుచు పుట్టింటికి వచ్చే సందడి ఎరిగిన తెలుగువారికి ఈ దృశ్యాన్ని వేరుగా వర్ణించనక్కరలేదు. ఇక్కడ ముంగిట ముగ్గు, అక్కడ ముంగిట మంచు, అంతే భేదం.

ఆ దారిలో తల్లి చేయి పట్టుకొని నడిచే అయిదారేండ్ల బిడ్డను ఊహించుకోవచ్చును. మంచులో పడిన తన అడుగుల గుర్తులు చూసుకొనడానికి వాడు మాటిమాటికి వెనుదిరుగుతాడు. తల్లి మాత్రం పాఠం చెబుతూ నడుస్తుంది. ముందుగా అమ్మమ్మను పలుకరించాలి; పెద్దమామను ఇట్లా పిలవాలి, చిన్నమామను ఇట్లా పిలవాలి; అమ్మకు అక్క అయిన ఆమెను ఇట్లా, ఆమె భర్తను ఇట్లా. బిడ్డ తప్పు పలికితే దిద్దుతుంది. ఇల్లు చేరేలోగా పాఠం పూర్తి కావాలి. పిలుపు తప్పితే నలుగురూ అనేది బిడ్డను కాదు, తల్లి పెంపకాన్ని. ఉత్తరాది పల్లెటిండ్లలో ఇటుకలతో కట్టి, లోపల పొయ్యివేడి పారేటట్లు అమర్చిన అరుగు ఉంటుంది. దానిని కాంగ్ అంటారు. చలిలో వచ్చిన బిడ్డను దానిమీద కూర్చోబెట్టి, మాంసమో కూరగాయలో నింపిన పిండి కుడుముల పళ్లెం ముందు పెడతారు. పెద్దలు ఎర్రని కాగితపు కవరులో డబ్బు పెట్టి ఇస్తారు. దానిని పుచ్చుకొనే ముందు బిడ్డ తగిన పిలుపుతో పిలవాలి. బంధుత్వ వ్యాకరణంలో వానికి అది మొదటి పరీక్ష.

ఆ వ్యాకరణం తెలుగువారికి పరాయిగా తోచదు. చైనా భాషలో తండ్రి తమ్ముడు ‘షూషు’, తల్లి సోదరుడు ‘జియూజియు’, తండ్రి సోదరి ‘గూగూ’, తల్లి సోదరి ‘యీ’. ఈ నలుగురిని ఆంగ్లం రెండు మాటలతో సరిపెడుతుంది. తెలుగు అట్లా సరిపెట్టదు. బాబాయి వేరు, మేనమామ వేరు. మేనత్త వేరు, పిన్ని వేరు. పేర్లు వేరు కావడానికి కారణం వారి ధర్మాలు వేరు కావడమే. పుట్టువెంట్రుకలు తీసే వేళ చాల తెలుగిండ్లలో తొలి కత్తెర వేసేది మేనమామ. చెవులు కుట్టే వేళ బిడ్డ కూర్చునేది అతని ఒడిలో. పెండ్లికూతురును గంపలో కూర్చుండబెట్టి పెండ్లిపీటల వద్దకు తెచ్చేదీ అతడే. ఆకాశంలోని చంద్రుని సైతం తెలుగు తల్లి తన బిడ్డకు మామగానే పరిచయం చేస్తుంది.

ఉత్తర చైనాలో కూడ మేనమామకూ మేనల్లుని జుట్టుకూ సంబంధం ఉన్నది. అయితే అది తలక్రిందులైన సంబంధం. సంవత్సరాది మాసంలో క్షౌరం చేయించుకొంటే మేనమామకు ప్రాణగండమని అక్కడి నమ్మకం. 17వ శతాబ్దిలో మంచూలు చైనాను జయించి, పురుషులందరు తల ముందుభాగం గొరిగించుకొని వెనుక జడ వేసుకోవలెనని శాసించారు. అప్పుడు ఓడిన ప్రజలు ఈ నెలలో క్షౌరం మాని, ‘పాతను స్మరించడం’ అనే నియమం పట్టారనీ, ఆ మాటకూ ‘మామ మరణం’ అనే మాటకూ ఉచ్చారణలో పోలిక ఉండడంచేత ఈ నమ్మకం పుట్టిందనీ ఒక వ్యాఖ్య ఉన్నది. వ్యాఖ్య మాట ఎట్లా ఉన్నా ఆచారం నిలిచింది. రెండవ నెల రెండవ దినం వచ్చేవరకు బిడ్డ తలమీద కత్తెర పడనీయని ఇండ్లు నేటికీ ఉన్నవి. ఆనాడు మంగలి దుకాణాలు కిటకిటలాడతాయి.

అయితే మేనమామే లేని బిడ్డ ఆ నెలంతా ఎవరి కోసం జుట్టు పెంచాలి? ఇది హాస్యానికి అడిగే ప్రశ్న కాదు. 1980 సెప్టెంబరు 25న చైనా కమ్యూనిస్టు పార్టీ కేంద్రసంఘం తన సభ్యులకు బహిరంగలేఖ వ్రాసి, దంపతులకు ఒక్క బిడ్డ చాలునని ఉద్బోధించింది. ఉద్బోధ నిర్బంధంగా మారింది. నగరాలలో కఠినంగా అమలు జరిగింది. పల్లెలలో తొలిచూలు ఆడపిల్ల అయితే రెండవ కానుపుకు చాల రాష్ట్రాలు అనుమతించాయి. అల్పసంఖ్యాక జాతులకు సడలింపులుండేవి. తిరిగి 2016 జనవరి 1 నుండి ఇద్దరు బిడ్డలకు, 2021లో ముగ్గురు బిడ్డలకు అనుమతి లభించింది. నడుమ గడచినవి 35 ఏండ్లు. ఆ కాలంలో పుట్టినవారు పెరిగి తల్లిదండ్రులైనారు. ఏకైక పుత్రుడు ఏకైక పుత్రికను వివాహమాడితే వారి బిడ్డకు తాతలు, అవ్వలు కలిసి నలుగురు, తల్లిదండ్రులు ఇద్దరు, తాను ఒక్కడు. చైనాలో ఇట్టి కుటుంబానికి ‘నాలుగు–రెండు–ఒకటి’ అనే పేరే స్థిరపడింది. ఈ లెక్కలో బాబాయి లేడు, మేనమామ లేడు, మేనత్త లేదు, పిన్ని లేదు. వారు లేరు కనుక వారి బిడ్డలూ లేరు. మంచుదారిలో తల్లి చెప్పే పాఠం అమ్మమ్మ, తాతయ్య అనే రెండు మాటలతోనే ముగుస్తుంది.

2008 జనవరిలో దక్షిణ, మధ్య చైనాలలో అలవాటులేని మంచు కురిసింది. విద్యుత్తు తీగలు మంచు బరువుకు తెగిపోయాయి. బీజింగ్–గ్వాంగ్‌జౌ రైలుమార్గం స్తంభించింది. ఆ ఏడు పండుగ ఫిబ్రవరి 7న. స్వగ్రామాలకు పోదామని వచ్చి గ్వాంగ్‌జౌ రైల్వేస్టేషను ముందు చిక్కుకొన్నవారు లక్షల సంఖ్యలో ఉన్నారు. పల్లెలో తాతఅవ్వల వద్ద బిడ్డలను వదలి, దూరపు ఫ్యాక్టరీలలో పనిచేసే తల్లిదండ్రులు వారిలో ఎందరో. ఈ ఏటికి ప్రయాణం మానుకోవలసినదని అధికారులు కోరినప్పటికీ చాలమంది ఆ చలిలోనే దినాల తరబడి కాచుకొన్నారు. మంచు దారిని మూసివేయగలిగింది గాని, ఇంటికి పోవాలనే బుద్ధిని మాన్పలేకపోయింది. మూసుకొన్న దారి ఏనాటికైనా తెరచుకొంటుంది. కాని దారి చివర ఉండవలసిన మేనమామ ఇల్లే లేకపోతే కాచుకొని ప్రయోజనమేమి?

దీనికి ప్రతివాదం లేకపోలేదు, అది బలమైనదే. బంధువుల రాకవలన సుఖమెంతో శ్రమ అంత. పండుగనాడు వంటింట మాడిపోయేవారు స్త్రీలు. కూర్చున్నవారు ఊరకుండరు, జీతమెంత, పెండ్లి ఎప్పుడు, బిడ్డలెప్పుడు అని అడుగుతారు. చైనాలో యువజనులు పలువురు ఈ ప్రశ్నలకు జడిసియే బంధువుల గడప తొక్కడం మానుతున్నారు. ఆ మానుకొనడానికి అక్కడ ‘బంధుత్వ విచ్ఛేదం’ అనే అర్థమిచ్చే కొత్త మాట కూడ వాడుకలోనికి వచ్చింది. అంతకన్న పెద్ద మాట ఒకటి ఉన్నది. కుమార్తె పుట్టింటికి రెండవనాడు పోవడమేమి, మొదటినాడు ఎందుకు పోరాదు? పెండ్లి చేసి పంపిన కూతురు పారబోసిన నీరని వారిలో ఒక సామెత. ‘ఆడపిల్ల’ అంటే ‘ఆడ’ పిల్ల, అనగా అక్కడి పిల్ల అని తెలుగువారు చెప్పుకొనే వ్యుత్పత్తి కూడ దానికి తోడబుట్టినదే. ఆ మంచుదారి ప్రయాణంలో ఆప్యాయతతో పాటు అన్యాయమూ కలిసి నడిచిందని ఒప్పుకొనక తప్పదు. నేడు భార్యాభర్తలిద్దరూ ఏకసంతానమైన ఇండ్లలో, పండుగ ముందటి రాత్రి భోజనం ఏ తల్లిదండ్రుల ఇంట అనేది పెద్ద చిక్కుగా పరిణమించింది. కూతురు కూడ తనకు తల్లిదండ్రులున్నారని చెప్పగలుగుతున్నది. ఇది మంచి మార్పే.

అయినా, ఒక ఇంటిలో దూలానికి చెదపట్టినదంటే దూలాన్ని మార్చవచ్చును గాని ఇల్లు వద్దనరాదు. అన్యాయాన్ని దిద్దుకొనడం ఒక పని. మనుషులు లేకుండపోవడం మరొకటి. కోరి మానుకొన్న రాకపోకలను మరల కోరి సాగించవచ్చును. పుట్టని మేనమామను ఎవరూ పుట్టించలేరు.

ఈ కథ ఎక్కడో మంచుదేశపు కథ అని తెలుగువారు నిశ్చింతగా ఉండడానికి వీలులేదు. భారతదేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952లో మొదలైనది. చైనా వలె ఇక్కడ ఒక్క బిడ్డ చాలునన్న శాసనం ఏనాడూ లేదు. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సగటున ఒక స్త్రీకి కలిగే సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనసంఖ్య తరతరానికి నిలకడగా ఉండడానికి కావలసిన 2.1కి ఈ రెండూ తక్కువే. ఒక కొడుకు, ఒక కూతురు – ఇదే చక్కని సంసారమని తెలుగు గృహస్థు భావిస్తాడు. ఆ చక్కని సంసారాన్నే లెక్కకు తీసుకొన్నా, తండ్రికి ఒక సోదరి, తల్లికి ఒక సోదరుడు ఉంటారు. బిడ్డకు మేనత్త ఉంటుంది, మేనమామ ఉంటాడు. కాని పెదనాన్న, బాబాయి, పెద్దమ్మ, పిన్ని – ఈ నలుగురూ ఉండరు. ఒకే ఒక బిడ్డ ఉన్న ఇండ్లు పెరిగేకొద్దీ తరువాతి తరంలో ఆ మిగిలిన ఇద్దరూ పోతారు. తెలుగులో మామ అంటే తల్లి సోదరుడే కాదు, పిల్లనిచ్చినవాడు కూడ. అత్త అంటే తండ్రి సోదరియే కాదు, భర్త తల్లి కూడ. బావ, మరదలు, వదిన అనేవి ఈ రెండిటికీ అల్లుకొన్న మాటలు. ఒక పిలుపునకు మనిషి లేకపోతే, దానిని ఆనుకొన్న పిలుపులన్నీ సడలిపోతాయి. అప్పుడు నిఘంటువులో మాట ఉంటుంది. ఇంటిలో పలికే నోరు ఉండదు.

ప్రభుత్వాలు ఈ సంగతిని ఆలస్యంగా గ్రహించాయి. 2022లో చైనా జనసంఖ్య అంతకు ముందటి ఏటికన్న దాదాపు ఎనిమిదిన్నర లక్షలు తగ్గింది. ఒకప్పుడు రెండవ బిడ్డకు జరిమానా వేసిన రాజ్యం నేడు మూడవ బిడ్డకు ప్రోత్సాహకాలు చూపుతున్నది. ఇద్దరికన్న ఎక్కువ బిడ్డలున్నవారు స్థానిక సంస్థల ఎన్నికలలో నిలువరాదనే నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024లో తొలగించింది. నిషేధం తొలగడం న్యాయమే. కాని కనవద్దని ఆజ్ఞాపించడం ఎంత అక్రమమో, కనవలసినదని ఒత్తిడి చేయడమూ అంత అక్రమమే. మోసేదీ కనేదీ పెంచేదీ స్త్రీ. నిర్ణయం ఆమెది, ఆమె భర్తది. కనుక బంధుత్వ రక్షణకు ఉపాయాన్ని జనాభా లెక్కలలో వెదకడం పొరపాటు. అది భాషలోనే ఉన్నది.

బంధువులను చూడబోవడానికి చైనా భాషలో ఉన్న నుడికారం ‘బంధువులను నడవడం’. తెలుగువారు ఇద్దరి నడుమ చుట్టరికం చెడినదని చెప్పడానికి ‘రాకపోకలు లేవు’ అంటారు. ఉభయ భాషలూ బంధుత్వాన్ని రక్తంతో గాక పాదాలతో కొలుస్తున్నవి. రక్తసంబంధం ఉండియు నడవనివాడు దూరమౌతాడు; దూరపువాడైనను నడిచినవాడు దగ్గరౌతాడు. తెలుగులో ‘వరస’ అనే గొప్ప మాట ఉన్నది. తల్లికి తోడబుట్టినవాడు లేకపోతే ఆమె పెదనాన్న కొడుకు మేనమామ వరస. అతడూ లేకపోతే ఆమె తల్లికి పెద్దమ్మ కూతురి కొడుకున్నాడు. అతనిదీ అదే వరస. తెలుగు పల్లెలలో ఇరుగుపొరుగులు సైతం కులభేదం పాటించే రోజులలోనే వరసలు కలుపుకొని పిలుచుకొన్నారు. వరస ఖాళీని సహించదు. దగ్గరివాడు లేనిచోట దూరపువాని చేయి పట్టుకొని తెచ్చి నిలుపుతుంది. అయితే వరస తనంతట తాను నడవదు. కనబడిన ప్రతివారిని అంకుల్ అనీ ఆంటీ అనీ పిలిపించడం వరస కలపడం కాదు, వరసను ఎగవేయడం.

కనుక ఇద్దరు తోబుట్టువులున్నవారు ఒకప్పుడు నలుగురి ఇండ్లకు పోయినంతగా పోవాలి. ఒక్కరూ లేనివారు మరికొంత దూరం నడవాలి. సంక్రాంతికో వేసవి సెలవులకో తల్లి తన పినతల్లి కొడుకు ఇంటికి బిడ్డను తీసుకొనిపోయి, ఇతడు నీకు మామ అని చూపించి, నాలుగు దినాలు అక్కడ ఉంచాలి. తండ్రి కూడ తన వంతుగా బిడ్డను వెంటబెట్టుకొని బయలుదేరాలి. ఆ భారం తల్లి ఒక్కతెదే కారాదు. పోయినచోట ఆడవారిని వంటింటికి, మగవారిని వాకిటి కుర్చీలకు పంచే అలవాటును మాత్రం దారిలోనే వదలిపోవడం మంచిది. ఫోనులో ముఖం చూపించి పలుకరింపజేసిన మామ బిడ్డకు పేరుగా తెలుస్తాడు. అతని ఇంటి గడప దాటి, అతని కంచం ప్రక్క కూర్చుండి తిన్న బిడ్డకు అతడు మనిషిగా తెలుస్తాడు.

హర్బిన్ చలిలో తల్లులు బిడ్డలను నడిపించుకొని పోయినది ఈ ఎరుక కొరకే. తెలుగునాట దారిలో మంచు లేదు. బస్సులున్నవి, సెలవులున్నవి, ఇంకను పిలిచే బంధువులున్నారు. ఉన్నంతలోనే బయలుదేరడం మేలు.